నెరెయిదా వేయనివ్వని తాళం

మా గ్వానబకోవ పేట వాలు సందులో పై చివరి ఇల్లు నెరెయిదా బకయావ్‌ది. ఆమె చాలా ఏళ్ళు హవానా సిటీ బస్సు నడిపింది. లారీ ఇంజనుకి రెండు మూపురాల పెట్టె తగిలించి, జనాన్ని కుక్కి తిప్పిన రోజుల్లో, ఆ బస్సుల్ని మేం ఒంటెలనేవాళ్ళం. ఒంటెను తోలే ఆడది కనిపిస్తే మగవాళ్ళు స్టాపులో నిలబడి ఈలలు వేసేవాళ్ళు. నెరెయిదా తలుపులు తెరిచి, ఈల వేసినవాణ్ణి పేరూ ఊరూ అడిగి, వాడు సిగ్గుతో తల దించుకున్నాకే ఎక్కనిచ్చేది.

ఒకరోజు పొద్దున్నే బ్రేకు సరిగా పట్టడం లేదని ఆమె బండిని డిపోలోనే ఆపేసింది. సూపర్‌వైజరు వచ్చాడు.

"జనం స్టాపుల్లో ఎండిపోతున్నారు. మెల్లగా తోలుకుపో."

"మెల్లగా అంటే ఎంత మెల్లగా? కొండ దిగేటప్పుడు అది నా మాట వినదుగా."

"తీసుకెళ్తావా లేదా?"

"బ్రేకు వేయించి ఇవ్వు, నిన్ను కూడా ఎక్కించుకుని తీసుకెళ్తా."

తాళాలు అతని బల్ల మీద పెట్టి డిపో మెట్ల మీద కూర్చుంది. దానికి శిక్షగా ఆమెను బస్సులు కడిగే పనికి వేశారు. వానాకాలం అంతా కడిగింది. క్షమాపణ చెబితే సీటు తిరిగి ఇస్తామన్నారు. చెప్పలేదు. చివరికి నడిపేవాళ్ళు చాలక వాళ్ళే పిలిచారు. మళ్ళీ బండి ఎక్కిన రోజున ముందు బ్రేకు తొక్కి చూసుకుంది, ఆ తర్వాతే ఇంజను మీట వేసింది. ఈ సంగతి మా సందులో అందరికీ తెలుసు. అయినా ఆమె మొండితనం ఎంతవరకు పోతుందో కంప్యూటర్ గొడవ వచ్చేదాకా మాకు అంతుబట్టలేదు.

నడుము పాడై పింఛను తీసుకున్నాక ఆమెకు పొద్దు గడవడం కష్టమైంది. తమ్ముడు అక్కడో ముక్క ఇక్కడో ముక్క తెచ్చి ఒక కంప్యూటర్ బిగించి పెట్టాడు. డబ్బాకి పక్క రేకు ఉండేది కాదు. లోపల ఫ్యాను తిరగడం కనిపించేది. అప్పట్లో మాకు ఇళ్ళలో ఇంటర్నెట్ లేదు. కుర్రకారు కలిసి డాబా మీంచి డాబాకి కేబుళ్ళు లాగి, పేట మొత్తం కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపారు. పక్క పేటలతో కూడా కలిపారు. ఆటలు, సీరియళ్ళు, కబుర్లు, కొట్లాటలు అన్నీ దాని మీదే. మా పేటలో దాన్ని నిలబెట్టినవాడు యునియెల్. మూలమీది ఇంట్లో, కేబుళ్ళన్నీ వచ్చి కలిసే ప్రధానమైన స్విచ్చు పెట్టె అతని మంచం తలాపునే ఉండేది. కేబుల్ చుట్టలు భుజాన వేసుకుని డాబాలెక్కి తిరిగినవాడు. అతను లేకపోతే మాకు నెట్‌వర్కే లేదు. ఆ మాట అతనే రోజుకోసారి గుర్తు చేసేవాడు.

నెరెయిదా మొదట్లో ఆ నెట్‌వర్కులో డొమినోలు ఆడేది. తర్వాత ఒక పేజీ పెట్టింది. దానికి ‘ఉందా?’ అని పేరు. ఎవరి దగ్గర ఏం మిగిలిందో, ఎవరికి ఏం కావాలో ఫోటోతో సహా అందులో పెట్టేవాళ్ళు. కంటిచుక్కల మందు, కుక్కరు రబ్బరు, ఉబ్బసం పిచికారీ, ఒకసారి వేసి వదిలేసిన చంటిపిల్ల బూట్లు. ఇచ్చిపుచ్చుకోవడమే, అమ్మకం లేదు. ఎవరైనా వెల రాస్తే నెరెయిదా ఆ మాట చెరిపేసి, కింద పచ్చిగా తిట్టు రాసేది. మందుల షాపులో అరలు ఖాళీగా ఉన్న రోజుల్లో జనం ముందు ఆ పేజీనే చూసుకునేవాళ్ళు.

నేను పాలిటెక్నిక్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. పేరు ఎవేలియో, కానీ సందులో అందరికీ మాస్టారునే. ఆమె ఇంటికి కింది ఇల్లు నాది. ఆమె గొంతు నా వంటింట్లోకి రోజూ వినిపించేది.

ఒక ఎండాకాలం యునియెల్ మా పేటను అవతలి కొండ మీది పేటతో కలిపాడు. అందరం సంబరపడ్డాం. రెండు పేటల కబుర్లు కలిశాయి. కానీ ఒక వింత జబ్బు పట్టుకుంది. ‘బాగున్నావా’ అని రాస్తే అవతలి కొండకి ఠక్కున చేరేది. ఫోటో పంపితే మధ్యలో ఆగిపోయేది. అవతలి కొండ వాళ్ళు నెరెయిదా పేజీ తెరిస్తే పైన పేరు మాత్రం వచ్చి, కింద తెల్లగా ఉండిపోయేది. తిట్లు ఆమెకే పడ్డాయి.

"నీ పేజీ చచ్చిపోయింది నెరెయిదా," అంది ఒబ్దూలియా. ఆమె కింది సందులో ఉంటుంది. తల్లికి కంటి జబ్బు. కంటిచుక్కల కోసం రోజూ ఆ పేజీ చూసుకునేది. "అవతలి కొండ వాళ్ళ దగ్గర చుక్కల మందు ఉందంటున్నారు. ఎవరి దగ్గరో పేజీలో పెట్టమంటే వాళ్ళకి తెల్ల గోడ కనిపిస్తోందట."

"నా పేజీ బాగానే ఉంది. దారిలో ఎక్కడో తేడా ఉంది."

"దారి సంగతి నాకెందుకే, మా అమ్మ కళ్ళ సంగతి చెప్పు."

కొన్నాళ్ళకు యునియెల్ తన వసారాలో అందర్నీ పిలిచాడు. చేతిలో కాఫీ గిన్నె, మెడలో తువ్వాలు.

"జబ్బు తెలిసింది," అన్నాడు. "మనం ఏది పంపినా కంప్యూటర్ దాన్ని ముక్కలు చేసి పంపుతుంది, ఆ ముక్కలే ప్యాకెట్లు. అవి మరీ పెద్దవి. కొత్త దారిలో పట్టడం లేదు. ప్రతి కంప్యూటర్లోనూ ప్యాకెట్టు సైజు తగ్గించాలి. రేపట్నించి వరసగా డబ్బాలు మా ఇంటికి తీసుకురండి. నేనే మారుస్తా. మార్చి, మళ్ళీ ఎవరూ వేలు పెట్టకుండా నా పాస్‌వర్డ్ వేస్తా."

అందరూ తలాడించారు. నెరెయిదా మాత్రం లేచి నిలబడింది.

"సైజు మార్చడం సరే. పాస్‌వర్డ్ ఎందుకు?"

"ఎందుకంటే పిన్నీ, పోయిన ఏడు ఒకడు ఏదో నొక్కి, వాడి కంప్యూటర్ నంబరు నా స్విచ్చు నంబరే పెట్టేశాడు. ఒకే నంబరు రెండింటికి ఉండకూడదుగా, పేట నెట్‌వర్కంతా పడిపోయింది. ఎక్కడుందో వెతకలేక చచ్చాను. ఆ పాట్లు నాకు మళ్ళీ వద్దు."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ రోజులు నాకూ గుర్తే.

"అయితే ఎలా మార్చాలో మాకు చెప్పు. మేమే మార్చుకుంటాం."

యునియెల్ నవ్వాడు. వసారాలో సగం మంది నవ్వారు. "నీకు చెప్పాలా పిన్నీ? బస్సు హారను మోగించినట్టు అనుకున్నావా?"

"హారను మోగించడం ఎవరికైనా వస్తుంది నాయనా. ఎక్కడ ఆపాలో తెలియాలి. నా ఇంట్లో వస్తువుకి నీ తాళం పడదు."

"పాస్‌వర్డ్ లేని డబ్బా నా నెట్‌వర్కులో ఉండదు."

"ఎవరి నెట్‌వర్కు? ఆ కేబుల్ మా డాబా మీంచి పోతోంది. మా గోడకి మేకులు నువ్వే కొట్టావు. అప్పుడు నన్ను పాస్‌వర్డ్ అడిగావా?"

మర్నాటి నుంచి మా సందులో ఊరేగింపు మొదలైంది. డబ్బాల్ని భుజాన వేసుకుని కొందరు, చంటిపిల్లల బండిలో పెట్టుకుని కొందరు, దుప్పట్లో మూటకట్టి కొందరు యునియెల్ ఇంటికి పోయారు. నెరెయిదా తన గుమ్మంలో కుర్చీ వేసుకుని, పోయేవాళ్ళను వరసగా పలకరించింది. "ఏం ఒబ్దూలియా, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నావా? బోండాం, పూలూ ఏవీ?" ఒబ్దూలియా మొహం తిప్పుకుని పోయింది.

ఆ సాయంత్రం పొద్దుండగానే ఆమె నా తలుపు తట్టింది.

"మాస్టారూ, అది ఎలా చూడాలో నాకు చెప్పండి."

"నేను వచ్చి చేసి పెడతాను, దాందేముంది?"

"చేసి పెట్టొద్దు. చెప్పండి."

ఆమె ఇంటికి వెళ్ళాను. అలవాటు కొద్దీ కీబోర్డు మీదికి చెయ్యి పోయింది. నెరెయిదా నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. మా ఆవిడ కూడా అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

"నోరు మీది, చెయ్యి నాది. అలా అయితేనే కూర్చోండి."

కూర్చున్నాను. కంప్యూటర్‌కి ఆజ్ఞలు రాసే నల్ల తెర తెరిపించాను. ఒక్కో అక్షరం చెబితే ఆమె ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. అవతలి కొండ మీద నెట్‌వర్కు చూసే ఫెర్మీన్ కంప్యూటర్‌కి ఒక ప్యాకెట్టు పంపమన్నాను. మామూలుది పంపితే జవాబు వెంటనే వచ్చింది. ఇప్పుడు దారిలో దీన్ని ముక్కలు చేయొద్దని చెప్పి, పెద్దది పంపమన్నాను. సైజు పద్నాలుగు వందల డెబ్బై రెండు అని కొట్టించాను. జవాబు రాలేదు. మళ్ళీ కొట్టింది. రాలేదు.

"మింగేసింది," అంది. "ఎవరు మింగారు?"

"కొత్త దారిలో ప్రతి ప్యాకెట్టుకీ పైన ఇంకో సంచి తొడుగుతారు, ఇతరులు చదవకుండా. సంచితో కలిపి కొలత మించితే అది దారిలో పట్టదు. అక్కడే పారేస్తారు."

"పారేసినవాడు పారేశానని చెప్పొద్దూ?"

"చెప్పాలి. అలా చెప్పే కబుర్లు రాకుండా మనవాళ్ళెవరో దారి మూసేశారు."

"అందుకన్నమాట మన కంప్యూటర్ కొయ్యలా ఎదురుచూస్తూ కూర్చుంటోంది. వంతెన తగిలే లారీకి ముందే ఎవరూ చెయ్యి ఊపకపోతే ఎలా?" అని ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది. "సరే, ఎంత పడుతుందో నేనే చూస్తా."

పదమూడు వందలు పంపింది. జవాబొచ్చింది. పద్నాలుగు వందలు పంపింది. రాలేదు. మధ్యలోకి దిగింది, పైకెక్కింది, మళ్ళీ దిగింది. నేను ఒకసారి తొందరపడి అంకె చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. జవాబు వచ్చే అంకె, అందులో ఒకటి పెంచితే రాని అంకె దొరికేదాకా వదల్లేదు. దొరికాక, దానికి పైన అడ్రసు చీటీ కోసం ఇరవై ఎనిమిది కలపాలని చెప్పాను. మొత్తం పద్నాలుగు వందలైంది. ఆ అంకెను కంప్యూటర్లో శాశ్వతంగా నిలిపే వరస చెప్పాను. ఆమె కొట్టింది. ఒక అక్షరం తప్పు పడి కంప్యూటర్ ఒప్పుకోలేదు. ‘నీ అమ్మా’ అని మళ్ళీ కొట్టింది. ఈసారి ఒప్పుకుంది.

ఆమె పేజీ ఆమె కంప్యూటర్‌లోనే ఉండేది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు చిన్న సైజు చెప్పినవాడి మాటే చెల్లుతుంది. అందుకని అవతలి కొండలో ఎవరూ ఏమీ మార్చకపోయినా, మర్నాటికి ఆమె పేజీ ఫోటోలతో సహా వాళ్ళకి తెరుచుకుంది. కబుర్ల గదిలో ఫెర్మీన్ రాశాడు: "‘ఉందా?’ ఉంది!"

ఆ మాట యునియెల్ కూడా చదివాడు. తన చేతి మీదుగా కాకుండా ఆమె కంప్యూటర్ బాగైందని పేటంతా తెలిసింది. అతనికి పట్టింపు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అతని బావమరిది కటింగ్ ప్లేయరు పట్టుకుని నెరెయిదా డాబా ఎక్కాడు. అప్పటికే ఆమె అక్కడ ఉంది. ఆరేసిన దుప్పట్ల మధ్య, స్విచ్చు పెట్టె పక్కన, చిన్న పీట మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"పిన్నీ, కాస్త జరుగు. నీ కేబుల్ తీసేయమన్నాడు."

"ఏ కేబుల్ నాయనా? ఇక్కడ చాలా ఉన్నాయి. ఇది నాది. ఇది ఒబ్దూలియాది. ఆ నల్లది పిండిమర వాళ్ళది. కింది సందు మొత్తం ఈ పెట్టెలోంచే పోతుంది. ఏది కత్తిరిస్తావో చూసి కత్తిరించు. తప్పు తీగ కత్తిరిస్తే కింద ఆడవాళ్ళకు నువ్వే జవాబు చెప్పుకో."

అతను ప్లేయరు పట్టుకుని ఆమె వంకా తీగల వంకా చూశాడు.

"నాది ఏదో నీకు చూపించాగా, కత్తిరించు మరి," అంది ఆమె, బియ్యంలో రాయి ఏరి పారేస్తూ. "నేనేం చెయ్యి పట్టుకోను. కానీ నువ్వు కత్తిరించాక ఇక్కడే కూర్చుని మళ్ళీ అతుకుతా. నువ్వు రేపు మళ్ళీ రావాలి. ఎల్లుండి మళ్ళీ రావాలి. నాకు పింఛను వచ్చింది, నీకు ఉద్యోగం ఉంది. ఎవరికి తీరుబడి ఉందో చూసుకో."

అతను దిగిపోయాడు. యునియెల్ మాత్రం ఊరుకోలేదు. ఆమె డాబా పెట్టెకి తన ఇంటి నుంచి వచ్చే కేబుల్‌ని తన ఇంట్లోనే పీకేశాడు. నెరెయిదాతో పాటు కింది సందు మొత్తం తెగిపోయింది. అతని మాట విని డబ్బాలు మోసుకెళ్ళినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

వాళ్ళంతా నెరెయిదా మీద పడ్డారు. ముందు ఒబ్దూలియా వచ్చింది.

"నీ మూలంగానే కదే ఇదంతా! ఒక్క పూట ఆ డబ్బా తీసుకెళ్ళి వాడి ముందు పెడితే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మేం పోదు. నా చెయ్యి పోతుంది."

"పెద్ద చెయ్యి! మా అమ్మ చూపు నీ చెయ్యి కన్నా తక్కువా?"

ఆ మాటకు నెరెయిదా తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున నేను బడికి పోతుంటే, నడుముకి పట్టీ బిగించుకుని, గొడుగు కర్రలా పట్టుకుని కొండ దిగుతోంది.

"ఎక్కడికి?"

"అవతలి కొండకి."

"ఆ నడుముతోనా? లొంగిపోతే ఈ ఎండలో ఈ పాట్లు ఉండవుగా."

"మాస్టారూ, మీరు మంచివాళ్ళు. నోరు మూసుకుని బడికి వెళ్ళండి."

ఆ రోజు ఆమె అవతలి కొండ దాకా నడిచింది, దారిలో ఒక గుర్రబ్బండివాడు కొంత దూరం ఎక్కించుకున్నాడట. ఫెర్మీన్ ఇల్లు కనుక్కుంది. అతను కుక్కర్లు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. ఆమెను చూసి, ఈ ‘ఉందా?’ మనిషి ఇంత ముసలిదా అన్నాడట. "నువ్వింత బట్టతలవాడివని నేనూ అనుకోలేదు," అందట. ఒబ్దూలియా తల్లికి కావలసిన చుక్కల మందు అక్కడ ఒక ఇంట్లో ఉంటే పట్టుకుంది. బదులుగా తన ప్రెషరు కుక్కరు ఇచ్చేసింది. ఆ సంగతి ఒబ్దూలియాకి ఆమె చెప్పలేదు. ఫెర్మీన్ తర్వాత నాతో అన్నాడు. వచ్చే ముందు అతన్ని ఇంకో మాట అడిగింది.

"నీ డాబా నుంచి మా డాబా కనిపిస్తుందా?"

"నీళ్ళ ట్యాంకు పక్కన నీలం దుప్పటి ఆరేసిన ఇల్లేనా?"

"అదే. అటువైపు ఒక యాంటెన్నా తిప్పు."

ఫెర్మీన్‌కి యునియెల్‌తో పేచీ ఏమీ లేదు. కానీ అతని పేటవాళ్ళకు ఆ పేజీ కావాలి. ఆ వారంలోనే డబ్బా రేకుతో చేసిన యాంటెన్నా ఒకటి మా కొండ వైపు తిప్పాడు. అలాంటిదే ఇంకోటి తెచ్చి నెరెయిదా ట్యాంకుకి కట్టాడు. కింది సందుకు కొత్త దారి దొరికింది.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఫెర్మీన్ దారిలో సంచి మీద సంచి ఉంది. పద్నాలుగు వందలు కూడా పట్టదు. నెరెయిదా కూర్చుని మళ్ళీ కొలిచి, ఇంకాస్త తగ్గించి తన కంప్యూటర్ సరిచేసుకుంది. కింది సందులో మిగతావాళ్ళకు అది కుదరలేదు. వాళ్ళ డబ్బాల్లో యునియెల్ పెట్టిన అంకె ఉంది, దాని మీద యునియెల్ పాస్‌వర్డ్ ఉంది.

ఒబ్దూలియాకి తల్లి చేతిలో చుక్కల సీసా చూసిన దగ్గర్నుంచి నెరెయిదా మీద కోపం నిలవలేదు. అయినా ఆమె ముందుగా యునియెల్ దగ్గరికే పోయింది. మర్యాదగానే అడిగింది.

"నాయనా, నువ్వు వేసిన ఆ పాస్‌వర్డ్ ఏదో చెప్పు. సైజు మార్చుకోవాలి."

"నా దారి వదిలేసి వేరే దారి పట్టినవాళ్ళకి నా పాస్‌వర్డా? ఆ నెరెయిదానే అడుక్కో."

"దారి నేను వదల్లేదురా. నువ్వు పీకేశావు."

"నువ్వెవరి పక్కన ఉన్నావో తేల్చుకుని రా, అప్పుడు చెప్తా."

ఒబ్దూలియా తిరిగొచ్చేటప్పుడు సందంతా వినిపించేలా మాట్లాడుకుంటూ వచ్చింది. "నా కొడుకు కొన్న కంప్యూటర్! నా ఇంట్లో కరెంటు! వాణ్ణి అడుక్కోవాలట! నా బీరువా తాళంచెవి కూడా వాడి నడుముకే కట్టుకుంటాడేమో!" నేరుగా నెరెయిదా గుమ్మంలోకి పోయి నిలబడింది.

"చెప్పు. ఏం చేయాలి?"

"ముందు లోపలికి రా. కాఫీ తాగు."

"కాఫీ తర్వాత. ముందు ఆ తాళం పగలగొట్టు."

తాళం తీసే పని నాకు పడింది. నా దగ్గరున్న సీడీ ఒకటి పెట్టి, పాత పాస్‌వర్డ్ తుడిచేసి, కొత్తది ఒబ్దూలియానే వేసుకోమన్నాను. అక్కడితో నా పని అయిపోయింది. మిగతాదంతా నెరెయిదా పక్కన కుర్చీ వేసుకుని చూసుకుంది. నాతో అన్న మాటే తిరగేసి ఆమెతో అంది: నోరు నాది, చెయ్యి నీది. ఒబ్దూలియా ఒక వేలితో, ఒక్కో అక్షరానికి ఒక నిట్టూర్పుతో కొట్టింది.

"పదమూడు వందల యాభై పోవడం లేదే."

"తగ్గించు."

"ఎంత?"

"నన్నడుగుతావేం? తగ్గించి చూడు. అది నిన్ను కరవదు."

తగ్గించింది. జవాబొచ్చింది. ఒబ్దూలియా తెర మీద చెయ్యి పెట్టి, "వచ్చింది! వచ్చిందే!" అని అరిచింది. గోడ అవతల నుంచి తల్లి "ఏం వచ్చింది, నీళ్ళా?" అని కేకేసింది. నీళ్ళ కోసం వీధిలో ఇద్దరు ముగ్గురు బిందెలు కూడా తీశారు.

ఆ తర్వాత కింది సందులో ఇంటింటా అదే పని. నెరెయిదా ఎవరింట్లోనూ కీబోర్డు ముట్టలేదు. కొందరు విసుక్కున్నారు, "నువ్వే కొట్టిపడేయరాదూ" అన్నారు. పిండిమర ముసలాయన, "ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ?" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అయితే యునియెల్ దగ్గరికి పో, నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేసిపెడతాడు."

ముసలాయన మీసాలు అదిరాయి. చేతులు విప్పి కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. కొందరు తప్పు అంకె కొట్టి ఉన్నది కూడా పోగొట్టుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి కొలిపించింది. ఒకింట్లో మొగుడూ పెళ్ళాలు ఏ అంకె పెట్టాలో తేలక మాట్లాడుకోవడం మానేశారు. నేను చూస్తుండగా సందు మొత్తం తన పని తాను చేసుకోవడం నేర్చుకుంది. నెట్‌వర్కేమీ పడిపోలేదు. ఒకసారి ఒకడు నంబరు తప్పుగా పెడితే, అందరూ తమ తమ నంబర్లు తాము చూసుకుని, వాణ్ణి పట్టుకుని, దుమ్ము దులిపారు.

యునియెల్ మనుషులకు కూడా ఆ పేజీ కావాలి. వాళ్ళ వైపు నుంచి అతని మీద ఒత్తిడి పెరిగింది. అతని మేనత్తే పిచికారీ మందు కోసం కింది సందుకు దిగొచ్చి ఒబ్దూలియా ఇంట్లో కూర్చుని పేజీ చూసుకుని పోయేది. చివరికి ఒక సాయంత్రం అతనే నెరెయిదా డాబా ఎక్కాడు. భుజాన కేబుల్ చుట్ట ఉంది. నేను కూడా అక్కడే ఉన్నాను, ట్యాంకు మూత బిగిస్తూ.

"కేబుల్ మళ్ళీ కలుపుదామనుకుంటున్నా," అన్నాడు నేల చూస్తూ.

"కలుపు. మేకులు ఎక్కడున్నాయో నీకు తెలుసుగా."

"అందరూ ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటూ పోతే రేపు పడిపోయినప్పుడు నేను చూడాలి."

"పడిపోతే అందరం చూస్తాం. నీ ఒక్కడి నడుము ఎందుకు విరగ్గొట్టుకుంటావు? నాది చూశావుగా. పాస్‌వర్డ్ మాత్రం ఉండదు. ఈ డాబా మీంచి పోయే ఏ ఇంటికీ ఉండదు. అది ఒప్పుకుంటేనే ఆ చుట్ట విప్పు."

యునియెల్ ఒప్పుకున్నానని అనలేదు. తప్పయిందని అసలే అనలేదు. చుట్ట కింద పడేసి, తీగ కొస పట్టుకుని స్విచ్చు పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కలిపాక తల ఎత్తకుండానే అడిగాడు.

"రెండు దార్లకీ సరిపోయేది ఎంత పెట్టావు పిన్నీ?"

"కొలిచి చూసుకో. నేనలాగే చూసుకున్నా."

అతనికి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నాకు తెలియలేదు. రెండూ వచ్చాయేమో. దిగిపోతూ ఆమె ఇచ్చిన కాఫీ మాత్రం తాగి పోయాడు.

తర్వాతి ఏళ్ళలో ఆ వీధి నెట్‌వర్కులు నిలవలేదు. సర్కారు రూల్సు వచ్చాయి, డాబాల మీది కేబుళ్ళు దించాల్సి వచ్చింది, జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. మా సందులో కేబుళ్ళు దించిన రోజున నెరెయిదా గుమ్మం దాటి రాలేదు. లోపల రేడియో గట్టిగా పెట్టుకుంది. ఎవరూ పలకరించే సాహసం చేయలేదు.

ఆమె ఇప్పుడూ ఉంది. డెబ్బై దాటాయి, నడక తగ్గింది, గొంతు తగ్గలేదు. పోయిన వారం నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఎప్పటిలాగే డ్రైవరు పెద్దవీధి వాలులో బండి ఆపి, గొట్టం అక్కడివాళ్ళకే ఇచ్చి, పని అయిపోయిందని వెళ్ళిపోబోయాడు. నెరెయిదా కుర్చీ తెచ్చి బండి ముందు చక్రానికి ఆనించి వేసుకుని కూర్చుంది. ఒబ్దూలియా ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"అమ్మమ్మా, లే. వేరే పేటకి పోవాలి," అన్నాడు డ్రైవరు.

"పో. వెనక్కి తోలుకుని పో. ఈ వాలులో వెనక్కి తోలడం వచ్చా నీకు?"

అతను దిగి కిందా పైనా చూశాడు. తల గోక్కున్నాడు. గొట్టం మళ్ళీ విప్పి మా సందులోకీ కింది సందులోకీ లాగాడు. మా బిందెలు నిండేదాకా ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు.